జాన్ హౌలండు వంశకథ: రెండు సమాధి శిలలు, ఒక వ్రాతప్రతి

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మాసచుసెట్సు రాష్ట్రమున ప్లిమత్ అను సముద్రతీర పట్టణము కలదు. ఆ పట్టణమున కెగువగా నున్న గుట్టను వారు బరియల్ హిల్ అందురు. సమాధుల గుట్ట యని మనము చెప్పుకొనవచ్చును. ఆ గుట్టమీద జాన్ హౌలండు అను నతని పేర నొక శిల యున్నది. అతడు 1673వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన ఎనుబది యేండ్లకు పైబడిన వయస్సున మరణించెననియు, అతని భార్య ఎలిజబెత్, జాన్ టిలీ కుమార్తె యనియు దానిమీద చెక్కియున్నారు. ఈ శిలకు పూర్వము అక్కడ మరియొక శిల యుండెను. ఆ శిలమీద ఎలిజబెత్ తండ్రి పేరు వేరు. ఆమె గవర్నరు కార్వరు కూతురని యందు వ్రాసియుండిరి. రెండు శిలలను నిలిపినవారును ఆ వంశీయులే, హౌలండునందు భక్తి గలవారే. మొదటి శిలలోని మాట యెట్లు పుట్టెను, ఎట్లు పోయెను అనునది ఈ వ్యాసమునకు విషయము.

ఇంత దూరపు ముచ్చట మన సంఘపు సంచికలో నేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. నా మేనకోడలు ఆ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నది. నాలుగేండ్ల క్రిందట వేసవి సెలవులలో నేనచ్చటికి పోయినప్పుడు వారి పొరుగున నున్న ఒక వృద్ధుడు మమ్ము ఆ గుట్ట కడకు తీసికొనిపోయెను. ఆయన హౌలండునకు పదునొకండవ తరమువాడు. తరమునకొక కాగితము చొప్పున పదునొకండు తరములకును ఆధారములు చూపి, 'మీ పూర్వులు ఎప్పుడు, ఎక్కడినుండి మీ యూరికి వచ్చిరి?' అని నన్నడిగెను. మేము కృష్ణగిరి సీమలో ఎన్ని తరములుగానో స్థిరపడిన తెలుగువారము. విజయనగరపు రాయలవారి దండులో నాయకుడుగా వచ్చినవాడు మా మూలపురుషుడని మా యింట చెప్పుకొందురు. ఆ మాటయే చెప్పితిని. 'ఆధారమేమి?' అని ఆయన మరల నడిగెను. నేను తెలుగు ఉపాధ్యాయుడను, పిల్లలకు వ్యాకరణ సూత్రమునకు ఉదాహరణము చూపనిదే విడువనివాడను. ఆనాడు మాత్రము నాకు నోట మాట రాలేదు. తిరిగి వచ్చిన పిమ్మట హౌలండు కథను శ్రద్ధగా చదివితిని.

1620వ సంవత్సరము సెప్టెంబరు నెలలో మేఫ్లవర్ అను ఓడ 102 మంది ప్రయాణికులతో ఇంగ్లండు విడిచి, నవంబరులో అమెరికా తీరము చేరెను. అందు జాన్ కార్వరు అను సంపన్నుని పరివారములో సేవకుడుగా జాన్ హౌలండు ఉండెను. నడిసముద్రమున తుపాను వేళ ఇతడు ఓడ పైభాగమునకు వచ్చి నీటిలో పడిపోయి, వ్రేలాడుచున్న తెరచాప త్రాటిని పట్టుకొని, చాల లోతు మునిగియు విడువక, పైవారు లాగగా బ్రతికి బయటపడెను. ఆ త్రాడు చేతికి చిక్కకుండినచో ఇప్పుడు అమెరికాలో ఎందరో జనులు పుట్టియుండరు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టును, తండ్రీకొడుకులిద్దరును అధ్యక్షులైన బుష్షులును ఇతని వంశమువారే. మొదటి చలికాలమున వచ్చినవారిలో సగము మంది మరణించిరి. వలసకు మొదటి గవర్నరైన కార్వరు 1621 వసంతమున చనిపోయెను. అతని భార్యయు కొలది కాలమునకే పోయెను. వారి సేవకుడైన హౌలండు మాత్రము నిలిచి, పెండ్లి చేసికొని, పదిమంది బిడ్డలను కనెను. 1633 నాటికి గవర్నరునకు సహాయకులుగా ఎన్నుకోబడినవారిలో అతడొకడు. మరుసటి యేడు కెన్నెబెక్ నదిమీది వర్తకస్థానమునకు అధికారిగా నుండెను. సేవకుడను మాట విని యితని నంట్లు తోమువానిగా భావింపరాదు. ఆ కాలమున పెద్దయింట లేఖరిగా, కార్యకర్తగా నుండువానిని కూడ ఆ మాటతోనే వ్యవహరించిరి.

అతని భార్య ఎవరి బిడ్డ? ఆ వలసలో మిగిలిన తొలి కాగితములను విప్పిచూచినచో మొదట చేతికి వచ్చునది 1627వ సంవత్సరపు పశువుల పంపకపు పట్టిక. అంతవరకు ఉమ్మడిగా నున్న ఆవులను, మేకలను ఆ సంవత్సరము మే నెలలో పంచుకొనిరి. జనులను పదుముగ్గురేసి చొప్పున పండ్రెండు జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టునకు చీట్లు వేసి పశువులనిచ్చిరి. ఎవరికి ఏది వచ్చెనో ప్రతి మనిషి పేరుతోను వ్రాసిపెట్టిరి. ఆనాటి జనాభా లెక్కకు ఇంతకు మించిన సాధనము లేదు. నాలుగవ జట్టునకు పెద్ద హౌలండు. అతని వెంట భార్య ఎలిజబెత్, కొడుకు జాన్, కూతురు డిజైర్. ఆ జట్టునకు వచ్చిన పెయ్య పేరు రాగ్‌హార్న్. జేకబ్ అను ఓడలో వచ్చిన పెయ్య అది. చిత్రమేమనగా, నాలుగు వందల యేండ్ల తరువాత ఆ పెయ్య పేరు, అది వచ్చిన ఓడ పేరు మనకు తెలిసియున్నవి గాని, ఆ యింటి యిల్లాలి పుట్టింటి పేరు ఆ పట్టికలో లేదు. పశువు ఆస్తి గనుక దాని రాక వివరముగా వ్రాయబడినది. స్త్రీ భర్త పేరులో కలిసిపోయినది. మన దస్తావేజులలోను ఈ రీతియే కలదు గనుక పరదేశపు వారిని తప్పుపట్టుటకు మనకధికారము లేదు.

తరువాతి సాధనము వీలునామా. హౌలండు 1672 మే 29వ తేదీన వ్రాసిన వీలునామాలో భార్య ఎలిజబెత్తును, నలుగురు కొడుకులను, ఆరుగురు కూతుండ్రను పేరు పేరున పేర్కొనెను. కూతుండ్ర కొక్కొక్కరికి ఇరువది షిల్లింగులు. ఆ మొత్తము స్వల్పమే. కాని వ్రాసిన తీరు పరిశోధకునకు నిధి వంటిది. డిజైర్ గోరమ్, హోప్ చిప్‌మన్, ఎలిజబెత్ డికిన్సన్, లిడియా బ్రౌన్, హానా బాస్‌వర్త్, రూత్ కుష్‌మన్ అని అత్తవారి ఇంటిపేర్లతో సహా వ్రాసెను. ఈ ఒక్క కాగితముచేత ఆరు వేరు వంశములకు హౌలండుతో గల సంబంధము నిర్ధారణ మగుచున్నది. చర్చిలోని వివాహపు చిట్టాలు నశించినను, వీలునామా నశింపకుండుటకు కారణము స్పష్టమే. ఆస్తి తగవులకు భయపడి న్యాయస్థానమువారు దానిని తమ పుస్తకములలో నకలు వ్రాసి యుంచిరి. బంధుత్వమును కాపాడినది ప్రేమ కంటె ఆస్తియే యని యొక ముసలి వకీలు నాతో ననెను. ఆ మాటలో కొంత నిజము కలదు.

అతని మరణతిథిని గూర్చి యొక చిక్కు చెప్పవలసియున్నది. ప్లిమత్ వలస దస్త్రములలో అది 1672 ఫిబ్రవరి 23 అని యున్నది. వీలునామా వ్రాసినది 1672 మే. చనిపోయిన మూడు నెలలకు వీలునామా వ్రాసెనా? ఇంగ్లండులోను దాని వలసలలోను 1752 వరకు నూతన సంవత్సరము మార్చి 25వ తేదీన మొదలగుచుండెను. కావున ఫిబ్రవరి నెల సంవత్సరాంతమునకు చేరును. వారి 1672 ఫిబ్రవరి మనకు 1673 ఫిబ్రవరి. ఈ సంశయము కలుగకుండ నేటి గ్రంథకర్తలు 1672/3 అని రెండంకెలును వ్రాయుదురు. ఉగాదితో సంవత్సరము మార్చుకొను మనకు దీనిని గ్రహించుట కష్టము కాదు. మాఘ ఫాల్గుణములు ఏ నామ సంవత్సరమునకు చెందునో ఎరిగిన మన పంతులు ఈ లెక్కను ఇంగ్లీషు చదివిన పట్టభద్రునికంటె ముందుగానే తేల్చును.

ఇక ఎలిజబెత్ సంగతి. పట్టికలోను, వీలునామాలోను ఆమె పుట్టిల్లు లేదు. లేనిచోట జనులు ఊహను నింపిరి. హౌలండు కార్వరు ఇంట నుండెను. కార్వరు మరణించెను. అటుపిమ్మట హౌలండు వృద్ధిపొందెను. అట్లయినచో యజమానుని కూతురినే పెండ్లాడియుండును! సేవకునికంటె గవర్నరు అల్లుడనిపించుకొనుట వంశమునకు శోభ గదా. ఎవరో యొకరు అనిరి, మరియొకరు పుస్తకమున వ్రాసిరి, పుస్తకమును చూచి వంశీయులు శిలమీద చెక్కించిరి. శిలను చూచి మరల పుస్తకములు వ్రాసినవారు ఉండిరి. అబద్ధమాడవలెనను తలంపు వీరిలో నెవరికిని లేదు. ఒకరి మాటను మరియొకరు ఆధారముగా గైకొనుచు వచ్చుటచేత ఆధారములు పెక్కు ఉన్నట్లు తోచెను. పరీక్షించి చూచినచో అన్నిటికిని మూలము ఒక్క ఊహయే.

నిజము చెప్పగల కాగితము ఒకటి లేకపోలేదు. కార్వరు తరువాత గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డు తన చేతితో ఆ వలస చరిత్రను వ్రాసెను. దాని చివర, సుమారు 1651లో, ఓడలో వచ్చినవారి నందరిని కుటుంబముల వారిగా పేర్కొని, ముప్పది యేండ్లలో ఎవరు పోయిరి, ఎవరు మిగిలిరి, ఎవరికెందరు బిడ్డలు అని లెక్క కట్టెను. ఈ వ్రాతప్రతి బోస్టను నగరపు చర్చి గ్రంథాలయములో నుండి స్వాతంత్ర్య యుద్ధకాలమున మాయమయ్యెను. దొంగ యెవరో తెలియదు. ఆ తరువాత ఎనుబది యేండ్ల వరకు అది పోయిన సొత్తే. 1844లో శామ్యూల్ విల్బర్‌ఫోర్సు అను ఇంగ్లీషు మతాచార్యుడు అమెరికా చర్చిని గూర్చి యొక పుస్తకము ప్రకటించి, అందు ఒక వ్రాతప్రతినుండి కొన్ని వాక్యములు ఉదాహరించెను. 1855లో అమెరికా పరిశోధకులు ఆ వాక్యములు చదివి, ఇవి బ్రాడ్‌ఫర్డువే యని గుర్తుపట్టిరి. విచారింపగా ఆ ప్రతి లండను బిషప్పు నివాసమైన ఫుల్హాము భవనపు గ్రంథాలయములో నుండెను. మరుసటి యేడు అది పూర్తిగా అచ్చుపడెను. ప్రతి మాత్రము 1897లో మాసచుసెట్సుకు తిరిగి చేరెను.

అచ్చయిన గ్రంథములో హౌలండు వంశీయులు తమ కథను చదువుకొనిరి. కార్వరు కుటుంబము క్రింద బ్రాడ్‌ఫర్డు పేర్కొన్నవారిలో అతని బిడ్డ యెవరును లేరు. జాన్ టిలీ, అతని భార్య, వారి కూతురు ఎలిజబెత్ అని వేరుగా ఒక కుటుంబమున్నది. తీరము చేరిన కొలది కాలమునకే తల్లిదండ్రులిద్దరును మరణించిరనియు, ఎలిజబెత్ హౌలండును పెండ్లాడెననియు అతడు స్పష్టముగా చెప్పెను. వారిద్దరును అప్పటికి జీవించియున్నారు, పదిమంది బిడ్డలును జీవించియున్నారు, పెద్దకూతురునకు నలుగురు, రెండవ కూతురునకు ఒకరు, వెరసి వారివలన కలిగినవారు పదునైదుగురు అని కూడ లెక్క వేసెను. వ్రాసినవాడు పొరుగువాడు, వారిని నిత్యము ఎరిగినవాడు. ఇంతకంటె బలమైన సాక్ష్యము దొరకదు. గవర్నరు కూతురు పోయి, పరదేశమున తల్లిని తండ్రిని పోగొట్టుకొన్న పదుమూడేండ్ల అనాథబాలిక ఆ స్థానమున నిలిచెను. అయినను కొందరు వెంటనే లొంగలేదు. కూతురు కాకున్నను ఎట్లో మనుమరాలగునని కొంతకాలము వాదించుచు వచ్చిరి! అభిమానము ఎంత మొండిదో చూడుడు.

పదుమూడేండ్లు అని నేను వ్రాసినది ఊహకాదు. ఇంగ్లండులో బెడ్‌ఫర్డుషైరు మండలమున హెన్లో అను గ్రామపు చర్చి చిట్టాలో 1607 ఆగస్టు 30వ తేదీన జాన్ టిలీ కూతురు ఎలిజబెత్తునకు జ్ఞానస్నానము జరిగినట్లు కలదు. అందులోనే 1596లో జాన్ టిలీకి జోన్ అను నామెతో వివాహమైనట్లును కలదు. ఆమె హర్‌స్టు వారి యాడపడుచు, రోజర్సు అను నతని విధవ. ఇంగ్లండులో 1538 నుండి ప్రతి చర్చియు జ్ఞానస్నానములను, వివాహములను, ఖననములను చిట్టాలో వ్రాయవలెనని రాజాజ్ఞ యుండుటచేత ఇట్టి వివరములు లభించుచున్నవి. అయితే ఈ సంగతి వెంటనే బయటపడలేదు. హాలెండులోని లైడెన్ నగరపు దస్త్రములలో మరియొక జాన్ టిలీ వివాహము కనబడగా, ఆ డచ్చి వధువునే ఎలిజబెత్ తల్లిగా చాలకాలము చెప్పుకొనిరి. పేరొక్కటైనంత మాత్రమున మనిషి ఒక్కడు కాడు. 1976లో రాబర్ట్ లీ వార్డు అను పరిశోధకుడు హెన్లో మొదలగు ఊళ్ల చిట్టాలను శోధించి, మేఫ్లవర్ ప్రయాణికులు ఏడుగురి పుట్టుపూర్వోత్తరములను ప్రకటించిన తరువాత ఈ భ్రమ తొలగెను. మేఫ్లవర్ ఓడలోనే థామస్ రోజర్సు అను వేరొక డుండుట, జోన్ మొదటి భర్త పేరును అదే యగుట మరియొక యురి. ఇరువురును వేర్వేరు మనుష్యులు. తెలుగు దేశమున ఒక్క ఇంటిపేరు, ఒక్క తాత పేరు పెట్టుకొనిన పినతండ్రి బిడ్డలు నలుగురుండు ఊళ్లలో ఈ ప్రమాదమెంతయో చెప్పనక్కరలేదు.

హౌలండు పుట్టినచోటు తెలిసినది అతని కాగితములవలన కాదు, అన్నదమ్ముని వీలునామావలన. హంఫ్రీ హౌలండు అను లండను నగరపు బట్టల వర్తకుడు 1646లో చనిపోవుచు, న్యూ ఇంగ్లండులోనున్న ఆర్థర్, జాన్, హెన్రీ అను తన సోదరులకు కొంత ధనము వ్రాసెను. దానిని పట్టుకొని హంటింగ్డన్‌షైరులోని ఫెన్‌స్టాంటన్ గ్రామమునకు, అక్కడి హెన్రీ, మార్గరెట్ దంపతులకు దారి దొరికెను. తిన్నని బాట మూసుకొనిపోయినప్పుడు ప్రక్కనున్న అన్నదమ్ముల, అప్పచెల్లెండ్ర కాగితములు వెదకవలెనన్న సూత్రమునకు ఇది మంచి యుదాహరణము.

ఇప్పుడు అమెరికాలో ఒకడు తాను హౌలండు సంతతివాడనని చెప్పదలచినచో పైనుండి క్రిందికి దిగడు, తననుండి పైకి ఎక్కును. తన జనన పత్రము, తల్లిదండ్రుల వివాహ పత్రము, వారి తల్లిదండ్రులవి, ఇట్లు తరమునకు తరమునకు నడుమ ముడి వేయుచు పోవలెను. మాసచుసెట్సులో 1841 నుండి రాష్ట్రమంతటను జనన మరణములు నమోదగుచున్నవి. అంతకుముందు పట్టణముల చిట్టాలు కలవు. దేశపు జనాభా లెక్కలు 1790లో మొదలయ్యెను గాని, 1850 వరకు ఇంటి యజమానుని పేరు మాత్రమే వ్రాసిరి, తక్కినవారు అంకెలే. యజమానునితో బంధుత్వము వ్రాయుట 1880లో మొదలయ్యెను. 1890 నాటి లెక్కలలో చాలభాగము 1921లో జరిగిన అగ్నిప్రమాదమున పాడయ్యెను. మేఫ్లవర్ సంతతివారి సంఘము 1897లో ఏర్పడి, తొలి అయిదు తరములను శోధించి గ్రంథములుగా ప్రకటించుచున్నది గనుక మధ్యతరములవరకు చేర్చినచో తక్కిన దారి సులభము.

ఆ దేశమున అందరికిని ఈ దారి లేదని కూడ చెప్పవలెను. బానిసలుగా నుండిన నల్లవారిని 1850, 1860 లెక్కలలో యజమానుని పేరు క్రింద వయస్సు, లింగము, రంగు మాత్రము వ్రాసిరి, పేర్లు వ్రాయలేదు. 1870లో గాని వారిలో అత్యధికులకు లెక్కలలో పేరు రాలేదు. వారి సంతతివారు అక్కడికి పోయి గోడను తాకినట్లు నిలిచిపోవుచున్నారు. హౌలండు పెయ్యకు పేరున్నదని వ్రాసినప్పుడు నాకు ఈ సంగతియే మనస్సున మెదలెను.

మా యింటి సంగతి చెప్పి విరమింతును. అమెరికానుండి వచ్చిన పిమ్మట మా పెదనాయన నడిగి అటకమీది పెట్టె తెరపించితిని. చెదలు తినగా మిగిలిన కాగితములలో తెలుగున వ్రాసిన క్రయపత్రమొకటి దొరికెను. గొలుసుకట్టు వ్రాత. మా యింట దానిని చదువగలవాడను నేనొక్కడనే. మా పిల్లలు తెలుగు మాటలాడుదురు, అచ్చక్షరములు కూడబలుకుకొందురు, ఈ వ్రాత వారికి కొక్కిరి గీతలు. పత్రమున యువ నామ సంవత్సర ఫాల్గుణ మాసమని యున్నది. అరువదియేండ్లకొక యువ వచ్చును. 1815, 1875, 1935 అను మూటిలో ఇది యేది? కాగితముమీది ముద్రలో విక్టోరియా రాణి బొమ్మ యున్నది. ఆమె 1837లో సింహాసనమెక్కి 1901లో చనిపోయెను గనుక మొదటిదియు మూడవదియు తొలగిపోయెను. 1875లో మొదలైన యువ సంవత్సరపు ఫాల్గుణము మనకు 1876 ఫిబ్రవరి, మార్చి నెలలగును. మహాకరవునకు ముందటి మాసములు. హౌలండు మరణతిథికి వేసిన లెక్కయే ఇక్కడను పనికివచ్చెను.

భూమి కొన్నవాడు మా ముత్తాతకు తండ్రి. ఆయన పేరునకు ముందు చిత్తూరు వైపునుండి వచ్చి ఈ యూర కాపురమున్న బండి తోలు జీవనము గలవాడని వ్రాసియున్నది. దండు లేదు, నాయకరికము లేదు. బండి తోలి కూడబెట్టిన సొమ్ముతో రెండెకరముల మెట్ట కొనెను.

నేను చదివి వినిపించగా పెదనాయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, 'నాయనా, అది పెట్టెలోనే పెట్టేయి. వచ్చే నెల పెండ్లి శుభలేఖలో రాయలవారి మాట వేయించినాను' అనెను. ఆయన మాట కాదనలేక శుభలేఖ అట్లే అచ్చుకు పోయెను. పత్రమునకు మాత్రము నకలు తీసి, తెలుగు అచ్చక్షరములలో ఎత్తివ్రాసి, మా పిల్లలకు తలా యొకటి యిచ్చితిని. అందు సాక్షులుగా వ్రాలు చేసిన ముగ్గురిలో ఇద్దరి ఇంటిపేర్లు నేటికిని మా ప్రక్కయూర కలవు. వారి పెట్టెలు ఇంకను తెరువవలసియున్నది.